ఎడమ చెవి నొప్పిగా ఉందని మూడుసార్లు చెప్పాను

చెవుల ఆపరేషన్ అయ్యి ఈ నెలతో ఎనిమిది నెలలు. ఇన్నాళ్ళూ రాద్దామని కూర్చోవడం, ఆ రాత్రి గుర్తొచ్చి ఫోన్ పక్కన పడేయడం, ఇదే పని. ఇప్పుడు చెవి బానే ఉంది, భయం పోయింది, కోపం మాత్రం పూర్తిగా పోలేదు.

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు, ఉద్యోగం హైదరాబాద్‌లో, నాకు 29 ఏళ్ళు. పుట్టుకతోనే నా చెవులు బయటికి విచ్చుకుని ఉండేవి, మా నాన్నమ్మ వైపు చాలామందివి అంతే. స్కూల్లో నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ, అందరికీ నేను 'చేట'నే. ఇంట్లో పెద్ద చెవులుంటే పూర్ణాయుష్షు అనేవాళ్ళు, నాన్నమ్మ అయితే వినాయకుడికి శూర్పకర్ణుడని పేరుందే, శూర్పం అంటే చేటే, నీకు స్వామి పోలిక వచ్చిందే అని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పేది. ఒళ్ళో ఉన్నంతసేపూ బానే ఉండేది. పొద్దున్నే స్కూలుకి రెండు జడలు మడిచి రిబ్బన్లు కట్టుకుని వెళ్ళాలి కదా, అప్పుడు చెవులు ఎక్కడ దాచుకోను? చెవుల మీదుగా జుట్టు లాగి వెయ్యమ్మా అని రోజూ అమ్మని బతిమాలేదాన్ని, టీచర్ చూసి మళ్ళీ వెనక్కి తోసేది. కాలేజీకొచ్చాక జుట్టు వదిలేశా, ఇక ముడి వేసింది లేదు. మే నెల ఎండలో కూడా. గాలి వీస్తే ముందు చెయ్యి చెవి దగ్గరికే వెళ్ళేది.

నాలుగేళ్ళు డబ్బులు దాచుకుని ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి వెళ్ళాను (ఇన్సూరెన్స్ రాదన్నారు, కాస్మెటిక్ అని). ఆయన స్కేలు పెట్టి కొలిచారు, తల నుంచి చెవి అంచుకి ఎడమ పక్క 26 మిల్లీమీటర్లు, కుడి పక్క 24. మామూలుగా రెండు సెంటీమీటర్లు దాటితేనే చెవులు బయటికి ఉన్నట్టు లెక్కట. చెవి పైభాగంలో ఉండాల్సిన మడత సరిగ్గా పడలేదని, చెవి మధ్యలో గిన్నెలా ఉండేది నాకు మరీ లోతుగా ఉందని, చెవి వెనక కోసి లోపల కార్టిలేజ్‌కి (చెవికి ఆకారమిచ్చే మెత్తటి ఎముక లాంటిది) దారంతో కుట్లు వేసి మడత తెప్పిస్తామని బొమ్మ గీసి చూపించారు.

అమ్మ ఒప్పుకోలేదు. దేవుడిచ్చిన చెవులు కోయించుకోవడం ఏంటే అని రెండు నెలలు గొడవ. చివరికి ఆ డాక్టరు గారే చెప్పారు, అమ్మా, తెగిన చెవి తమ్మెల్ని అతకడానికి సుశ్రుతుడే 15 పద్ధతులు రాసిపెట్టాడు, మనం పసిపిల్లలకి చెవులు కుట్టించట్లేదా అని. అమ్మ ఏమీ మాట్లాడలేదు కానీ ఆపరేషన్ రోజుకి బట్టలు సర్దుకుని బస్సెక్కి వచ్చేసింది.

ఆపరేషన్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. లోకల్ అనస్థీషియా, రెండు గంటలు పట్టింది, నొప్పి లేదు, దారం లాగుతుంటే చప్పుడు మాత్రం తల లోపల వినిపించేది. సాయంత్రానికి తల చుట్టూ పెద్ద బ్యాండేజ్‌తో రూమ్‌కి తెచ్చారు, రేపు పొద్దున వెళ్ళిపోవచ్చన్నారు.

రాత్రి పదింటికి మొదలైంది. ఎడమ చెవి ఒక్కటే. మొదట సలుపు, తర్వాత లోపల్నుంచి ఎవరో బొటనవేలు పెట్టి నొక్కుతున్నట్టు. సిస్టర్‌కి చెప్పా, ఇంజెక్షన్ ఇచ్చింది. పదకొండున్నరకి మళ్ళీ చెప్పా, ఇప్పుడే కదా ఇచ్చాం, కాసేపు ఆగండి అంది. ఒంటిగంటకి డ్యూటీ డాక్టర్ వచ్చాడు, తలుపు దగ్గరే నిలబడి ఫైల్ తిరగేశాడు, ఎడమ పక్క బాగా నొప్పిగా ఉంది సార్ అన్నాను. మంచం దగ్గరికి కూడా రాలేదు. "అందం కోసం చేయించుకున్నప్పుడు ఆ మాత్రం ఓర్చుకోవాలమ్మా" అని వెళ్ళిపోయాడు.

నేను నోరు మూసేసుకున్నాను. ఈ ముక్క రాయడానికే నాకు ఎనిమిది నెలలు పట్టింది. ఎందుకంటే ఆ మాట నాకు నిజమే అనిపించింది. పక్క రూముల్లో కాళ్ళు విరిగినవాళ్ళు, కాలినవాళ్ళు ఉన్నారు, నేను నా డబ్బులతో నా ఇష్టంతో వచ్చి పడుకున్నా, నాకు ఏడ్చే హక్కు ఎక్కడిది అనుకున్నా. రెండు గంటలు దుప్పటి కొస పళ్ళ కింద పెట్టుకుని ఉన్నాను, అమ్మ స్టూలు మీద కూర్చుని నా చెయ్యి పట్టుకుని ఏదో గొణుక్కుంటూనే ఉంది, నేను చెప్తే విన్నావా అని ఒక్క మాట, ఒక్క మాట అన్లేదు. ఏడుస్తున్నావా బుజ్జీ అంటే లేదమ్మా అన్నాను.

మూడింటికి ఆయమ్మ నేల తుడవడానికి వచ్చింది. లైటు వేసి నన్ను చూసి కర్ర పక్కన పెట్టింది. దిండు మీద రూపాయి బిళ్ళంత రక్తం మరక ఉంది, మా అమ్మ కూడా చూడలేదు. దగ్గరికొచ్చి వంగి "రెండు పక్కలా నొప్పా అమ్మా, ఒక పక్కేనా?" అంది. ఆ రాత్రంతా నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. ఒక పక్కే అన్నాను. ఆవిడ వెళ్ళి సిస్టర్‌తో ఏం గొడవ పడిందో తెలీదు, పెద్ద డాక్టరు గారికి ఫోన్ చేయించే దాకా కౌంటర్ దగ్గర్నుంచి కదల్లేదట, అమ్మ తర్వాత చెప్పింది.

నాలుగుంపావుకి ఆయన ఇంటి బట్టలతోనే వచ్చారు. బ్యాండేజ్ కత్తిరించగానే అమ్మ మొహం తిప్పేసుకుంది. చెవి నేరేడుపండు రంగులో ఉబ్బిపోయి ఉందట. రెండు కుట్లు విప్పారు, గోరింటాకు ముద్దలా నల్లగా రక్తం గడ్డ బయటికొచ్చింది. అయిదు నిమిషాల్లో ఆ బొటనవేలు తీసేసినట్టు అయిపోయింది, అప్పుడు ఏడ్చాను గట్టిగా. ఆయన చెప్పారు, కార్టిలేజ్‌కి సొంతంగా రక్తనాళాలు ఉండవు, పైనున్న పొర నుంచే దానికి తిండి, మధ్యలో రక్తం పేరుకుంటే ఆ తిండి ఆగిపోతుంది, ఇన్ఫెక్షన్ వస్తుంది, అలాగే వదిలేస్తే కుస్తీ పట్టేవాళ్ళ చెవుల్లా ముద్దకట్టి ముడుచుకుపోతుంది అని. నిద్రలోంచి లేచి వచ్చిన ఆయనకి జన్మంతా రుణపడి ఉంటా. కానీ సార్, మీ నంబర్ మాకు ఇచ్చి ఉంటే అమ్మే పదింటికి ఫోన్ చేసేది కదా? స్టాఫ్ చూసుకుంటారు అన్నారు, స్టాఫ్ చూసుకున్నది అది.

ఆ డ్యూటీ డాక్టర్ పొద్దున్న వచ్చి ఎలా ఉందమ్మా అని నవ్వుతూ అడిగి వెళ్ళాడు. అప్పుడు అనలేకపోయింది ఇప్పుడు అంటున్నా. అందం కోసం కోసినా, ప్రాణం కోసం కోసినా ఒంట్లో ఉండేది ఒకటే రక్తం. మీరు వంగి దిండు చూసి ఉంటే చాలు.

తర్వాత వారం బ్యాండేజ్, ఆరు వారాలు రాత్రిపూట హెడ్‌బ్యాండ్, హెల్మెట్ లేదు, పక్కకి తిరిగి పడుకోవడం లేదు. చెవుల వెనక నాలుగైదు నెలలు స్పర్శే లేదు. ఎడమది కుడిదానికంటే ఒక పిసరు బయటికే ఉంది, నాకూ అమ్మకీ తప్ప ఎవరికీ తెలీదు. కుట్లు చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు ఆయమ్మకి ఆత్రేయపురం పూతరేకులు, ఒక చీర తీసుకెళ్ళాను, పూతరేకులు తీసుకుని చీర వద్దంది, అమ్మ బలవంతంగా చేతిలో పెట్టింది.

ఆ రాత్రి అమ్మ గొణిగింది అయినవిల్లి వినాయకుడికి మొక్కట, 108 కొబ్బరికాయలు. సంక్రాంతికి వెళ్ళి తీర్చాం. జుట్టు ముడి వేసుకుని వెళ్ళాను. స్వామి చెవుల వైపు చూస్తే నాన్నమ్మ గుర్తొచ్చి కళ్ళమ్మట నీళ్ళు ఆగలేదు.

ఎవరైనా చేయించుకోబోతుంటే, దయచేసి డిశ్చార్జ్ అయ్యేలోపు కాదు, ఆపరేషన్‌కి ముందే డాక్టర్ నంబర్ తీసుకోండి. మొదటి రెండు రోజుల్లో ఒక పక్క మాత్రమే నొప్పి పెరుగుతూ పోతే ఊరుకోకండి, మంచం దగ్గరికి వచ్చి కట్టు విప్పి చూసే దాకా అడగండి. గాయాలు కాయలు కట్టే ఒళ్ళయితే, కీలాయిడ్ అంటారు, అది ముందే చెప్పండి. పసిబిడ్డకి చెవులు ఇలా ఉంటే మొదటి రెండు మూడు వారాల్లోనే చూపించండి, తల్లి నుంచి వచ్చిన ఈస్ట్రోజన్ వల్ల అప్పుడు కార్టిలేజ్ మెత్తగా ఉంటుంది, అచ్చు పెట్టి కోత లేకుండానే సరిచేస్తారు. మాకు ఆ రోజుల్లో ఎవరు చెప్పారు.

మా అన్నయ్య కూతురికి ఆరేళ్ళు, దానివి అచ్చం నా చెవులే. చెవి ఆ వయసుకి దాదాపు ఎదిగిపోతుంది కాబట్టి అప్పట్నుంచి ఆపరేషన్ చెయ్యొచ్చంటారు, కాకపోతే పిల్లలకి పూర్తిగా మత్తివ్వాలి. వదిన ఈ వేసవి సెలవుల్లో చేయించేద్దాం అంటోంది. నేను వద్దన్నాను, దాన్ని అడగకుండా వద్దు వదినా, అది ఏడ్చినరోజు నేనే తీసుకెళ్తా, పక్కన నేనే పడుకుంటా అన్నాను.

మొన్న పండక్కి అది నా వీపెక్కి చెవి వెనక గీత వేలితో తడిమింది.

"నొప్పెట్టిందా అత్తా?"

"పెట్టిందే. చాలా నొప్పెట్టింది" అన్నాను.