సాలార్‌జంగ్‌ల ఇంటి కథ ఎవరైనా రాయండి బాబూ

హైదరాబాద్ మీద తరతరాల కుటుంబ నవల ఒకటి రావాలనీ, అది షేర్వాణీలూ ముజ్రాలూ బిర్యానీలతో నిండిపోయినది కాకూడదనీ కనిపించినవాళ్లందరి దగ్గరా అంటూ ఉంటాను. అసలు కొత్తగా కల్పించాల్సిన అవసరం కూడా లేదు, సాలార్‌జంగ్‌ల ఇల్లు ఉంది కదా. స్కూల్లో ఉన్నప్పుడు బస్సెక్కించి తీసుకెళ్తే మ్యూజియంలో గంట కొట్టే గడియారం ముందు కూర్చుని, ముసుగు రెబెక్కా బొమ్మని నోరెళ్లబెట్టి చూసి వచ్చినవాళ్లమే మనమంతా. అవన్నీ ఎవరివంటే సాలార్‌జంగ్‌వి అంటాం. ఏ సాలార్‌జంగ్? ఆ బిరుదుతో ముగ్గురున్నారు, వాళ్ల వెనక ఇంకా పెద్దవాళ్లున్నారు.

మొదటి పెద్దమనిషి మీర్ ఆలం. 1799లో ఇంగ్లీషువాళ్లతో కలిసి టిప్పు మీదికి వెళ్లిన నిజాం సైన్యంలో ఈయనది పెద్ద హోదా. 1804లో దివాన్ (అంటే నిజాం ప్రధానమంత్రి) అయ్యాడు, 1808లో కుష్ఠువ్యాధితో పోయాడు. జూపార్కు పక్కనున్న మీర్ ఆలం చెరువు ఈయన పేరు మీదే ఉంది, శ్రీరంగపట్నంలో దక్కిన వాటా డబ్బుతో కట్టించాడని చెబుతారు. వీలైతే ఆ చెరువు కట్టని చూడండి, వరసగా అర్ధచంద్రాకారపు కమానులు నీళ్లకి భుజం ఆన్చి నిలబడ్డట్టు ఉంటాయి, రెండు వందల ఏళ్లు దాటినా. ఆయన కొడుకు ముందే చనిపోయాడు కాబట్టి కుర్చీ అల్లుడు మునీరుల్ముల్క్‌కి వచ్చింది. పేరుకే దివాన్ అనుకోండి, పెత్తనం మాత్రం ఆయన కింది అధికారి, పేష్కార్ చందూలాల్‌ది. దివాన్‌గిరీ ఈ వంశంలోకి వచ్చింది ఒక ఆడపిల్ల వల్ల, కానీ కథ చెప్పేవాళ్లు ఆవిడని "మీర్ ఆలం కూతురు" అని ఒక్క ముక్క అనేసి ముందుకెళ్లిపోతారు.

నన్ను పట్టుకుని వదలని మనిషి మాత్రం మునీరుల్ముల్క్ మనవడు మీర్ తురాబ్ అలీ ఖాన్, అంటే మొదటి సాలార్‌జంగ్. 1829లో పుట్టాడు, చిన్నప్పుడే తండ్రి పోయాడు. 1853 మే నెలలో, నిజాం ఖర్చుతో తాము నడిపే కంటింజెంట్ సైన్యానికి నిజాం బాకీ పడ్డాడని ఇంగ్లీషువాళ్లు బీరార్ (ఇప్పటి మహారాష్ట్రలో విదర్భ వైపు) మొత్తం రాయించుకున్నారు. అప్పటి దివాన్ ఈయన బాబాయి సిరాజుల్ముల్క్, ఆ సంతకాలయిన కొద్దిరోజులకే కన్నుమూశాడు. 24 ఏళ్ల కుర్రాడి చేతికి రాజ్యం వచ్చింది, ఖజానాలో చిల్లిగవ్వ లేదు. ఊళ్లూ తాలూకాలూ అప్పుల కింద కిరాయి సైన్యాలు నడిపే అరబ్బు జమేదార్ల దగ్గరా రోహిల్లా పఠాన్ల దగ్గరా తాకట్టులో ఉన్నాయి, అప్పిచ్చినవాడే శిస్తు వసూలు చేసుకుంటున్నాడు! ఒక్కొక్కటీ విడిపించుకుంటూ, జీతాలిచ్చి ఉద్యోగులని పెట్టి, 1865లో జిల్లాలు ఏర్పాటు చేసి, కోర్టులు పెట్టి, 1874కి రైలు కూడా తెప్పించాడు.

ఇంత చేసిన మనిషిని మెచ్చుకుని ఊరుకుందామంటే 1857 అడ్డొస్తుంది. ఆ జులైలో తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ కలిసి కోఠీ రెసిడెన్సీ మీద దాడి చేస్తే (ఇంగ్లీషువాళ్ల ప్రతినిధి రెసిడెంటు ఉండే భవనం, తర్వాత ఉమెన్స్ కాలేజీ అయింది) సాలార్‌జంగ్ ఇంగ్లీషువాళ్ల వైపు నిలబడ్డాడు. తుర్రెబాజ్‌ని తర్వాత కాల్చి చంపి శవాన్ని అందరూ చూసేలా వేలాడదీశారు, మౌల్వీని అండమాన్ పంపారు. రాజ్యం నిలబెట్టాడని ఒకరంటారు, ద్రోహి అని ఇంకొకరంటారు. నాకైతే రెండూ నిజమే అనిపిస్తాయి, తేల్చమని అడక్కండి. ఊళ్లో కోపం మాత్రం చల్లారలేదు, 1859లో దర్బారు నుంచి రెసిడెంటుతో కలిసి బయటికొస్తుంటే ఒకడు ఈయన మీద తుపాకీ పేల్చాడు. బతికిపోయాడు.

1876లో యూరప్ వెళ్లాడు. పైకి ఆహ్వానం మీద చేసిన ప్రయాణం, లోపల మాత్రం బీరార్ తిరిగి అడగాలని. పారిస్‌లో హోటల్ మెట్ల మీద పడి కాలు విరగ్గొట్టుకుని ఆ కాలుతోనే ఇంగ్లండ్ చేరాడు. విక్టోరియా రాణిని కలిశాడు, ఆక్స్‌ఫర్డ్‌వాళ్లు డాక్టరేట్ ఇచ్చారు, విందులు పెట్టారు, బీరార్ తప్ప అన్నీ ఇచ్చారు. ఆ ప్రయాణంలోనే రోమ్‌లో బెంజోనీ చెక్కిన రెబెక్కాని కొన్నాడు. పోయిన రాజ్యం ముక్కని అడగబోయిన మనిషి పాలరాతి పెళ్లికూతురితో ఇంటికొచ్చాడన్నమాట. నవలాకారుడెవరైనా ఇలా రాస్తే మరీ సినిమాటిక్‌గా ఉందని మనమే వంక పెడతాం. 1883 ఫిబ్రవరిలో, ఒక జర్మన్ డ్యూక్ అతిథిగా ఊళ్లో ఉండగా, ఈయన కలరాతో చనిపోయాడు.

కొడుకు మీర్ లాయక్ అలీ ఖాన్, రెండో సాలార్‌జంగ్. 1884లో దివాన్, ఆరో నిజాంతో పొసగక 1887లో రాజీనామా, 1889లో పుణెలో మరణం. అప్పటికి ఇంకా ముప్ఫై కూడా రాలేదు. (1948లో హైదరాబాద్ ప్రధానిగా ఉండి, తర్వాత గృహ నిర్బంధం నుంచి తప్పించుకుని పాకిస్తాన్ వెళ్లిపోయిన లాయక్ అలీ వేరే మనిషి, పేర్లు చూసి కలిపేయకండి.) రెండో సాలార్‌జంగ్ పోయేనాటికి కొడుకు యూసుఫ్ అలీ ఖాన్ నెలలోపు పసికందు. ఆ పిల్లవాణ్ణి తల్లి జైనబ్ బేగం పెంచింది. నిజాం ఉండే పురానీ హవేలీ రాజకీయాలూ ఎస్టేట్ లెక్కలూ చుట్టూ ఉండగా ఆవిడ సాలార్‌జంగ్‌ల భవంతి దివాన్ దేవిడీలో ఎలా నెట్టుకొచ్చిందో, అసలు నవల అదే.

ఆ కుర్రాడికి 19 ఏళ్లప్పుడు, 1908 సెప్టెంబరులో, మూసీ పొంగి వేలమందిని మింగేసింది. 1912లో, 23 ఏళ్లకి, దివాన్ అయ్యాడు. 1914లో దిగిపోయాడు. ఆ తర్వాత ఏడో నిజాం కొన్నేళ్లు దివానే లేకుండా తనే పాలించాడు. పెళ్లి చేసుకోని ఈ మూడో సాలార్‌జంగ్ ఇక మిగిలిన ముప్ఫై అయిదేళ్లూ వస్తువులు కొంటూ గడిపాడు. జేడ్ కత్తులు, పింగాణీ, దంతం కుర్చీలు, చేతిరాత ఖురాన్లు, బొమ్మలు, ఏది తెచ్చి చూపిస్తే అది. అన్నీ కలిపి 40,000కు పైనే.

ఇక్కడ నాకో గొడవ ఉంది. "ఒక్క మనిషి అభిరుచి" అని గైడ్లు ముచ్చటగా చెబుతారే, ఆ అభిరుచికి డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చింది? జాగీర్ల నుంచి. పాలమూరు వైపు కోయిలకొండ, కోస్గి, కన్నడ సీమలో కొప్పళ, మరాఠీ వైపు అజంతా. అక్కడి రైతులు కట్టిన శిస్తే ఫ్రెంచి గాజు దీపాలైంది. వానలు సరిగ్గా పడని పాలమూరు నేల నుంచి, అది గుర్తుంచుకోవాలి. మ్యూజియంలో ప్రతి పింగాణీ పళ్లేనికీ చీటీ ఉంది, ఈ సంగతికి కూడా ఒకటి పెడితే బాగుండేది.

1948లో సంస్థానం పోయింది, 1949 మార్చిలో ఈయన పోయాడు, పిల్లలు లేరు. 1951 డిసెంబర్ 16న నెహ్రూ వచ్చి దివాన్ దేవిడీలోనే మ్యూజియం ప్రారంభించాడు. 1958లో వారసులు హైకోర్టు రాజీ ద్వారా సేకరణని వదులుకున్నారు, 1961లో పార్లమెంటు చట్టం చేసింది, 1968లో సామానంతా మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మారింది. దేవిడీని కూలగొట్టేశారు, దర్వాజాలు మిగిలాయి, లోపల హోల్‌సేల్ బట్టల బజారు నడుస్తోంది. మీర్ ఆలం పేరు మాత్రం మీర్ ఆలం మండీ అనే కూరగాయల బజారులో టమాటాల మధ్య రోజూ వినిపిస్తూనే ఉంటుంది.

ఎవరైనా నిజంగా రాసే ఉద్దేశంలో ఉంటే 1853 మేలో మొదలుపెట్టండి, బీరార్ సంతకాల దగ్గర. మీర్ ఆలం ఫ్లాష్‌బ్యాక్‌లో వచ్చినా సరిపోతుంది. జైనబ్ బేగానికి కనీసం వంద పేజీలివ్వండి. ఇంకోటి, కోయిలకొండ నుంచి శిస్తు పట్టుకొచ్చే ఒక తెలుగు పట్వారీ కుటుంబాన్ని పక్కన నడిపించండి, దేవిడీలో వాళ్లు ఏ గుమ్మం దాకా రాగలిగేవాళ్లో అక్కడి దాకా.