లక్ష నోటు తిరిగి వచ్చింది

గుమ్మం పక్కన మేకుకు వేలాడుతున్న ప్లాస్టిక్ గ్లాసు పిల్లలెవరో ఆడుకుని వదిలేసినది అనుకున్నాను. నీళ్ళు తాగి పారేసే రకం. అంచుకు రెండు చిల్లులు పొడిచి తీగ కట్టి ఉంది. అద్దెకు దిగి మూడు నెలలైనా అందులోకి తొంగి చూడలేదు. తెల్లవారుజామున నాలుగింటికి చెరువుల మీదికి వెళ్ళి, బాగా చీకటి పడ్డాక తిరిగి వచ్చేవాడికి ఇంటి గోడకు ఏం వేలాడుతోందో చూసే తీరిక ఎక్కడిది?

నేనుంటున్నది ఇండోనేషియాలో, జావా దీవి దక్షిణ తీరాన, పుర్వొరెజో జిల్లాలో ఒక చిన్న ఊరు. వరిచేలు, కొబ్బరితోటలు, ఆ తర్వాత ఇసుక, ఇసుకలో వనామీ రొయ్యల చెరువులు, వాటి వెనక హిందూ మహాసముద్రం. భీమవరం దగ్గర పుట్టినవాడికి రొయ్య కొత్త కాదుగానీ చెరువు కొత్తదే. ఇసుకలో నీరు నిలవదు కాబట్టి అడుగున నల్లటి ప్లాస్టిక్ పట్టా పరుస్తారు. చదరపు మీటరుకు వందకు పైనే పిల్ల వేస్తారు. నీళ్ళకు గాలి అందించే ఏరియేటర్లు ఒక గంట ఆగాయంటే తెల్లారేసరికి పంటంతా పైకి తేలుతుంది. ఆ భయంతోనే నా రాత్రులన్నీ గడిచాయి.

ఒక సాయంత్రం, చెరువు మీద మేత వేసే కుర్రాడు మా ఇంటికి వచ్చి, గ్లాసు వంక చూసి, నా వంక చూసి, నవ్వు ఆపుకుంటూ చెప్పాడు. దాన్ని 'జింపితాన్' అంటారట. పొద్దుగూకే వేళ ప్రతి ఇంటివాళ్ళూ తమ గ్లాసులో గుప్పెడు బియ్యమో, ఐదు వందల రుపియా నాణెమో వేస్తారు. రాత్రి గస్తీ తిరిగేవాళ్ళు ఇల్లిల్లూ పోగు చేసుకుంటూ పోతారు. వీధిదీపాలకు, ఎవరైనా మంచాన పడితే పరామర్శకు, పోతే ఖర్చులకు ఆ సొమ్మే. ఐదు వందలంటే కంగారు పడకండి, మన మూడు రూపాయలకు కూడా సరిపోదు.

తల కొట్టేసినట్టయింది. తొంభై రోజులకు నలభై ఐదు వేలు. రెట్టింపు చేసి, ఆపైన ఇంకాస్త కలిపి, లక్ష రుపియా నోటు మడిచి గ్లాసులో పెట్టాను. మన డబ్బులో ఐదారు వందలు. మా ఊళ్ళో అయితే ఆ పాటికి మర్యాదగా సరిపోయేది.

మర్నాడు పొద్దున్నే పాక్ ఎర్తే వచ్చారు. ఇక్కడ కొన్ని పదుల ఇళ్ళను ఒక గుంపుగా కట్టి 'ఎర్తే' అంటారు, దాని పెద్దను పాక్ ఎర్తే అంటారు. ఈయన రిటైరైన బడిపంతులు, మేకలు పెంచుతారు. జావా వాళ్ళతో అసలు మాట టీ గ్లాసు సగమైతే గానీ బయటికి రాదు. వానల గురించి మాట్లాడారు, రొయ్య ధర అడిగారు. మీ దేశం నుంచి మీకంటే ముందు మా జిల్లాకు మేకలు వచ్చాయి అన్నారు. నిజమే, డచ్చివాళ్ళ కాలంలో తెచ్చిన మన ఎటావా మేకల సంతతికి ఈ జిల్లా కొండల్లోని కలిగెసింగ్ పెట్టింది పేరు. వాటి చెవులు నాకన్నా పొడుగని కూడా అన్నారు. అప్పుడు జేబులోంచి నా నోటు తీసి, కుడిచేత్తో పట్టుకుని, ఎడమచేయి మోచేతికి ఆనించి, బల్ల మీద పెట్టారు.

"ఇది ఎక్కువైంది. మీ ఇంటికి బాకీ ఏమీ లేదు. ఆదివారం రాత్రి గస్తీ మీ వంతు. రాగలరా?"

చెరువుల సంగతి చెప్పాను. నా బదులు ఒక మనిషిని పంపిస్తాను, ఆ రాత్రి అందరి కాఫీ ఖర్చూ నాదే అన్నాను. ఆయన ముఖంలో నవ్వు చెదరలేదు.

"'తాము' అయితే అలా చేయవచ్చు. మీరు 'వర్గ' కదా."

తాము అంటే అతిథి. వర్గ అంటే ఆ వీధికి చెందిన మనిషి. మన సంస్కృతం మాటే, ఇన్ని సముద్రాలు దాటి వచ్చింది. వాళ్ళ భాషలో 'దెసా' అంటే పల్లెటూరు, మనకేమో దేశం. మన ఊళ్ళో వర్గం అంటే ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు, రెండు వర్గాలు అన్నామంటే తర్వాతి మాట పోలీసు స్టేషనే.

నిజం చెప్పాలంటే ఒళ్ళు మండింది. మర్యాదగా ఇచ్చిన డబ్బు తిప్పి పంపడం ఏమిటి? అసలీ ఊరితో నాకు అప్పటికే కొన్ని తగువులున్నాయి. గుమ్మం దాటితే చాలు, ఎదురైన ప్రతివాడూ "ఎక్కడికి?" అని అడుగుతాడు. ఇక్కడ అదే పలకరింపు. మొదట్లో ఆ మాట వినగానే వెనక్కి వచ్చి కాసేపు కూర్చుని, నీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరేవాడిని. మా బావమరిది నాలుగు రోజులు ఉండి వెళ్ళడానికి వస్తే, ఇరవై నాలుగు గంటల్లోగా చెప్పాలంటూ పాస్‌పోర్టు నకలు తీసుకున్నారు. ఇదేం నిఘా అని అడిగితే పాక్ ఎర్తే పంతులుగారి పద్ధతిలో పాఠం చెప్పారు. 1942లో జావాను ఆక్రమించిన జపాన్ సైన్యం, మనుషుల మీద కన్నేసి ఉంచడానికీ వడ్లు రాబట్టడానికీ ఇరుగుపొరుగును ఇలా గుంపులు కట్టిందట. "వాళ్ళు పోయారు, గుంపులు మిగిలాయి" అని నవ్వారు.

ఆ రాత్రి నాన్నకు ఫోన్ చేశాను. "నువ్వు గస్తీ తిరగడమేమిటిరా? ఎవరికో నాలుగు డబ్బులు పారేసి పంపక!" అన్నారు. ఆయన మీద ఎగిరిపడ్డాను. పొద్దున నేనన్నదీ అదే మాట అని ఫోన్ పెట్టేశాక తట్టింది.

మన దగ్గర ఇలాంటివి లేవా? ఎందుకు లేవు, ఒక ఇంట్లో చావు జరిగితే పక్కవాళ్ళు అన్నం వండి పంపరా? కోడలికి నొప్పులొస్తే వీధంతా లేవదా? గుడికి ఫ్యాను కొనిస్తే రెక్క మీద తాత పేరు రాయించుకుంటాం, అది వేరే సంగతి. గుప్పెడు బియ్యం కూడా మనకు కొత్త కాదు. మా ఇంట్లో పనిచేసిన ఆవిడ పొయ్యి మీద ఎసరు పెట్టే ముందు పిడికెడు బియ్యం చర్చి కోసం వేరే డబ్బాలో వేసేదని అమ్మ చెప్పేది. ఆ డబ్బాను నేను చూడలేదు. ఆవిడ ఇరవై ఏళ్ళు మా ఇంటికి వచ్చింది, మేమెవరం ఒక్కసారీ పేటలోకి వెళ్ళలేదు. మా వీధి బియ్యం, పేట బియ్యం ఒకే సంచిలో పడే పద్ధతి మా ఊళ్ళో ఏదైనా ఉందా అని చాలాసేపు ఆలోచించాను. రేషన్ షాపు ఒక్కటే తట్టింది.

ఆదివారం రాత్రి పదింటికి వెళ్ళాను. గస్తీ పాక అంటే నాలుగు గుంజలు, పైన పెంకు, కూర్చోవడానికి వెదురు తడిక, చూరుకు వేలాడే చెక్క గంట. లుంగీలు కప్పుకుని ఆరుగురు డామినోలు ఆడుతున్నారు. ఉడికించిన వేరుశనగ కాయలు, గ్లాసు అడుగున మడ్డి తేరిన కాఫీ. పన్నెండు దాటాక సంచి నా చేతికిచ్చి, టార్చి వాళ్ళు పట్టుకున్నారు.

దగ్గరగా చూస్తేగాని తెలియలేదు, ఏ గ్లాసు ఎత్తూ ఇంకో గ్లాసులా లేదు. మేస్త్రీ ఇంటి గ్లాసు సగానికి పైగా నిండింది, పిడికిలి పెద్దది మరి. చిన్నపిల్లల ఇంట్లో ఆ పని పిల్లలదే కాబోలు, బియ్యంతోపాటు చాక్లెట్ కాగితం ఉంది. టైల్స్ స్తంభాల పెద్ద ఇల్లు ఒకటి చూపించి, ఆ ఇల్లాలు తైవాన్‌లో ముసలివాళ్ళకు సేవ చేస్తోందన్నారు. కువైట్ డబ్బుతో లేచిన మా గోదావరి ఇళ్ళు గుర్తొచ్చాయి, రంగులు కూడా అవే. అక్కడ తాతయ్య నాణెం వేశాడు.

తిరిగి పాకకు వచ్చి పుస్తకంలో గీతలు పెడుతున్నారు, ఇంటికి ఒక వరుస, రాత్రికి ఒక గీత. నా ఇంటి వరుస వెతికాను. మూడు నెలలుగా ఖాళీ అనుకున్న వరుసలో ఒక్క రాత్రి కూడా వదలకుండా గీతలున్నాయి.

"మీ పక్కింటి సింబాహ్" అన్నాడు మేస్త్రీ.

సింబాహ్ అంటే అవ్వ. డెబ్బై దాటిన ఒంటరి మనిషి. మర్నాడు ఐదు కిలోల బియ్యం సంచి తీసుకుని వెళ్ళాను. సంచి నా వైపే జరిపి, ఎందుకు వేశారంటే ఆశ్చర్యపోయింది. "ఆ ఇల్లు కూడా వరుసలోదే కదా, బాబూ. ఖాళీగా ఉంటే బాగుంటుందా?"

అప్పటినుంచి గ్లాసులో బియ్యం నేనే వేస్తున్నాను. వేస్తున్నాననుకుంటున్నాను. ఆవిడ మగ్రిబ్ నమాజుకు ముందే వేసేస్తుంది, నేను తర్వాత వచ్చి వేస్తాను. వారం తిరగకుండానే పాక్ ఎర్తే మళ్ళీ టీ తాగడానికి వచ్చారు. మేకల కబుర్లు అయ్యాక మెల్లగా చెప్పారు, ఇంటికి ఒక గీతే పెడతాం, మీ గ్లాసులో రెండు పిడికిళ్ళు వస్తున్నాయని. అవ్వకు చెబుతానన్నాను. చెప్పాను కూడా. తలూపింది.

నిన్న చెరువు పట్టుబడి ఉండి, వచ్చేసరికి తొమ్మిదైంది. గ్లాసు మీద ఫోన్ వెలుగు వేసి చూశాను. అడుగున వేలెడెత్తు బియ్యం ఉంది, చిన్న పిడికిలిది.