అమ్మ గదిలో చెమ్మ

శనివారం, రాత్రి

ఈ రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మ గది స్లాబులో ఫ్యాన్ తగిలించే డబ్బా అంచున ఆకుపచ్చ చుక్క కనిపించింది. స్టూలెక్కి టార్చి వేసి చూశాను, తెల్ల గుడ్డతో అద్ది చూశాను. గుడ్డకి పచ్చరంగు అంటింది, పొద్దున్న పైవాళ్ళ బాత్రూమ్ నీళ్ళలో మేం కలిపిన రంగే. ఇక అనుమానం లేదు. పై వాటా బాత్రూమ్ నీళ్ళే. ఎంత తేలిగ్గా అనిపించిందో చెప్పలేను.

వానలు మొదలైనప్పటి నుంచి ఆ గది స్లాబు తడుస్తోంది. ముందు చిన్న మరక, తర్వాత పెయింట్ ఉబ్బి పొరలు లేచింది, అంచుల వెంబడి తెల్లగా ఉప్పు పొంగింది. గదంతా ముక్కిపోయిన వాసన. అమ్మకి అసలే ఆయాసం. మంచం హాల్లోకి మార్చాం కానీ, తన గది కాకపోతే ఆవిడకి సరిగా నిద్ర పట్టదు. పెయింట్ పోతే మళ్ళీ వేసుకోవచ్చు, నా బెంగంతా లోపలి ఊచల గురించి. విశాఖ గాలిలో ఎలాగూ ఉప్పు ఉంటుంది. దానికి తడి తోడైతే ఊచలు తుప్పు పట్టడం ఎంతసేపు? తుప్పు అసలు ఇనుముకంటే రెట్టింపుకు మించి చోటు తీసుకుంటుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు పగిలి పెచ్చులుగా ఊడుతుంది. మంచం మీద పడుకున్న మనిషి మీద ఆ పెచ్చు పడితే? ఈ మధ్య రాత్రుళ్ళు నాకదే టెన్షన్.

చూసినవాళ్ళందరూ వాన నీరే అన్నారు. గది పక్కనే పై వాటా బాల్కనీ ఉంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు జల్లు అటునుంచే ఇంట్లోకి కొట్టింది. అప్పటి నుంచీ మా ఇంట్లో ఎక్కడ తడి కనిపించినా అందరి చూపూ అటే పోతుంది. బాల్కనీ టైల్స్ మొత్తం తీసేసి వాటర్‌ప్రూఫింగ్ చేయాలన్నాడు మేస్త్రీ. ఏసీ మెకానిక్ మాత్రం ఇంకో మాట అన్నాడు. పై గదిలో రాత్రంతా ఏసీ నడిస్తే స్లాబు చల్లబడుతుంది, కింద గదిలోని ఉక్క గాలి దానికి తగిలి చెమరుస్తుంది అని. అది కొట్టిపారేసే మాట కాదు. అందుకే మరక మీద ప్లాస్టిక్ కవరు ముక్క పెట్టి, గాలి చొరకుండా నాలుగు వైపులా టేపు వేశాను. గది గాలిలోని తేమే అయితే కవరు మీద గది వైపు నీళ్ళు పట్టాలి. తెల్లారేసరికి గది వైపు పొడిగా ఉంది, స్లాబు వైపు బిందువులు పట్టాయి. అంటే తడి స్లాబులోంచే వస్తోంది.

అసలు దారి చూపించింది దసరా సెలవులు. పైవాళ్ళు పిల్లల్ని తీసుకుని ఊరెళ్ళారు. వాళ్ళు లేనన్నాళ్ళూ అల్పపీడనం, వదలని ముసురు. మరక పెరగాల్సింది పోయి ఆరుతూ వచ్చింది. వాళ్ళు తిరిగొచ్చాక, బయట ఎండ కాస్తున్నా, మళ్ళీ తడిసింది. కాబట్టి వాన కాదు. ట్యాంకు నుంచి వచ్చే పైపూ కాదు, ఎందుకంటే ట్యాంకు నిండుగానే ఉంది, వాల్వులన్నీ తెరిచే ఉన్నాయి. ఆ పైపుది తప్పయితే ఇంట్లో మనుషులు లేకపోయినా కారుతూనే ఉండేది. వాడినప్పుడే కారుతోందంటే లోపం వాడిన నీళ్ళు బయటికి పోయే దారిలోనే ఉండాలి.

చిక్కల్లా ఒక్కటే. వాళ్ళ బాత్రూమ్ అమ్మ గది మీద లేదు, నడవా అవతల మా వంటింటి మీద ఉంది. వంటింటి స్లాబేమో పొడిగా ఉంది. మొన్న ఎలక్ట్రీషియన్ వచ్చి, మెయిన్ ఆపేసి ఫ్యాన్ కప్పు దించాక సంగతి అర్థమైంది. డబ్బాలోకి వచ్చే కరెంటు పైపు మూతి తడిగా ఉంది. వైర్లు లాగే పైపుల్ని స్లాబు పోసేటప్పుడే అందులో పరుస్తారు. బాత్రూమ్ వచ్చే చోట స్లాబుని ముప్పాతిక అడుగో, అడుగో కిందికి దించి పోసి, డ్రైనేజీ పైపులు వేసి, ఇటుక ముక్కలతో నింపి, పైన టైల్స్ వేస్తారు. ఆ గుంతలో నీళ్ళు చేరితే ఎక్కడో సందు చూసుకుని కరెంటు పైపులోకి దిగుతాయి, దాని వెంటే నడిచి ఇలా ఫ్యాన్ దగ్గర బయటపడతాయి. అప్పటి నుంచి ఆ గది స్విచ్చులు ఎవర్నీ ముట్టుకోనివ్వడం లేదు.

ఇక తేలాల్సింది, టైల్స్ సందుల్లోంచి దిగుతున్నాయా, జాలీ కింద, వాడిన నీళ్ళు పైపులోకి దిగే ట్రాప్ దగ్గరా అని. టైల్స్ అయితే నేలంతా తవ్వాలి. ట్రాప్ అయితే ఆ మూల చాలు. మొన్నటి నుంచి పైవాళ్ళు కింద మా బాత్రూమే వాడుకుంటున్నారు. నిన్న రాత్రి ట్రాప్ మూతి గట్టిగా బిగించి, నేల మీద రెండంగుళాల నీళ్ళు నిలబెట్టి, గోడ మీద పెన్సిలుతో గీత గీశాం. పొద్దున్న చూస్తే నీళ్ళు గీత దగ్గరే ఉన్నాయి, కింద డబ్బా తుడిచింది తుడిచినట్టే ఉంది. అప్పుడు ఆ నీళ్ళలో కిరాణా కొట్టు మిఠాయి రంగు కలిపి, మూత తీసి వదిలాం. ఎరుపు వద్దని నేనే అన్నాను, తుప్పు నీరు కూడా ఎర్రగానే ఉంటుంది కదా. ఆకుపచ్చయితే పొరపాటు పడే వీల్లేదు.

పైవాళ్ళ అమ్మాయి పాపం ఒకటే కంగారు. "మేం నీళ్ళు ఎక్కువ వాడేస్తున్నామేమోనని భయపడ్డామండీ అన్నయ్యగారూ" అంది. ఆ మాట నాకు బాధనిపించింది. అద్దెకున్నవాళ్ళు తమ ఇంట్లో తాము స్నానం చేయడానికి జంకాలా? "మీ తప్పేం లేదమ్మా, ఇది కట్టినప్పటి పని" అని చెప్పాను.

సాయంత్రం ప్లంబరు ట్రాప్ చుట్టూ టైల్స్ లేపాడు. ట్రాప్‌కీ పైపుకీ మధ్య అతుకు సరిగా లేదు, ఉత్త సిమెంటు కూరారు. అది పగిలి నెర్రె ఇచ్చింది. కింద ఇటుక ముక్కలు నల్లగా నాని ఉన్నాయి. అవన్నీ తీసి, గుంత ఆరనిచ్చి, కొత్త ట్రాప్ వేసి, వాటర్‌ప్రూఫ్ కోటింగ్ గోడ మీదికి ఒక అడుగు వరకు పట్టించాలి. టైల్స్ వేసే ముందు రెండు రోజులు నీళ్ళు నిలబెట్టి చూడాలని గట్టిగా చెప్పాను.

"నా మంచం ఎప్పుడు మారుస్తావురా?" అని అమ్మ అప్పుడే అడుగుతోంది. స్లాబు పూర్తిగా ఆరాలి, ఆ తర్వాత సుత్తితో తట్టి చూసి, డొల్లగా మోగిన చోటల్లా చెక్కి, ఊచలు వైర్ బ్రష్‌తో రుద్ది తుప్పు పట్టని పూత వేయాలి. పెయింట్ సంగతి చిట్టచివర. సంక్రాంతి లోపు అని మాటిచ్చాను. సోమవారం పొద్దున్నే మేస్త్రీని, ప్లంబర్ని కలిపి రమ్మన్నాను. బాల్కనీ టైల్స్ జోలికి వెళ్ళొద్దని మేస్త్రీకి ఫోన్‌లోనే చెప్పేశాను.