కానిస్టేబుల్ ప్రిపరేషన్: 800 మీటర్లు, గ్రౌండ్‌లో ఇంజెక్షన్లు, నా ఐరన్ మాత్రలు

ఫైనల్ లిస్టులో నా నంబర్ వచ్చినప్పటి నుంచి ఫోన్ ఆగడం లేదు. చెల్లెళ్లందరూ అడిగేది ఒకటే: "అక్కా, ఈవెంట్స్‌కి (పరుగు లాంటి ఫిజికల్ పరీక్షలకు) ఏం వాడినవ్?" ఏ పుస్తకాలు చదివినవ్ అని ఒక్కరూ అడగరు! సరే, రాత పరీక్ష సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. అర్థమెటిక్, రీజనింగ్ రోజూ చేశాను. పాత పేపర్లు అరిగేదాకా తిప్పాను. తెలంగాణ ఉద్యమం నోట్స్ సొంతంగా రాసుకున్నాను. అంతే.

ఇక 800 మీటర్లు. 2022 నోటిఫికేషన్‌లో మహిళలకు 5 నిమిషాల 20 సెకన్లు ఇచ్చారు. వినడానికి అదేమంత టైమ్ అనిపిస్తుంది. మొదటి రౌండ్ నేనూ అందరితో పాటే పరుగెత్తేదాన్ని. రెండో రౌండ్ సగానికొచ్చేసరికి గుండె చెవుల్లో కొట్టుకునేది, పిక్కలు పట్టేసేవి, కళ్ల ముందు నల్ల చుక్కలు. నెలల తరబడి ప్రాక్టీస్ చేసినా టైమ్ కదల్లేదు.

గ్రౌండ్‌కి వచ్చే జిమ్ అన్న ఒకాయన ఫోన్‌లో సీసా ఫొటో చూపించాడు. "ఒక్క కోర్సు చెల్లె, నీ స్టామినా నువ్వే నమ్మవ్." పేరు చదివాను: నాండ్రోలోన్. కండ పెంచే స్టెరాయిడ్. ఆడవాళ్లు వాడితే నెలసరి తప్పుతుంది, గడ్డం మీద వెంట్రుకలొస్తాయి, గొంతు బొంగురుపోతుంది. మందు ఆపినా ఆ గొంతు మళ్లీ మామూలు కాకపోవచ్చు. ఆ అన్న ఇవేవీ చెప్పలేదు.

నా జబ్బు కనిపెట్టింది మా రూమ్‌లో ఉండే నర్సింగ్ అమ్మాయి. చదువుకుంటూ నేను డబ్బాలోంచి పచ్చి బియ్యం బుక్కుతుంటే చూసి, దగ్గరికొచ్చి కింది కనురెప్ప లాగి చూసింది. "లోపల తెల్లగుంది, నీకు రక్తం లేదే" అంది. సీబీపీ అనే రక్త పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.6. పన్నెండుకు తగ్గకూడదు. బియ్యం, సుద్ద తినాలనిపించడం కూడా ఐరన్ లోపానికి గుర్తేనట. మా అమ్మ కూడా చాటలో చెరుగుతూ బుక్కుతూనే ఉంటుంది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే గ్రౌండ్‌లో ఆయాసపడుతున్నది నేనొక్కదాన్నే అయ్యుండను.

డాక్టర్ ఐరన్ మాత్రలు, నులిపురుగుల మాత్ర రాశారు. మాత్ర వేసుకున్నప్పుడు టీ, పాలు బంద్, నిమ్మరసం మంచిది అన్నారు. టీలో ఉండేవి ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. విరేచనం నల్లగా అవుతుంది, కంగారు పడకండి. నాకు మలబద్ధకం కూడా వచ్చింది, ఓర్చుకున్నాను. రెండో నెల దాటాక ఒకరోజు రెండో రౌండ్‌లో నల్ల చుక్కలు రాలేదు. ఈవెంట్స్ నాటికి ఐదు నిమిషాల లోపే వచ్చాను.

"నువ్వూ మందే వాడినవ్ కదా, తేడా ఏంది?" అని ఒకమ్మాయి దెప్పింది. తేడా ఉంది తల్లీ. సైకిల్ రేసుల ఆటగాడు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఈపీవో అనే మందు వాడింది కూడా ఎర్ర రక్తకణాలు పెంచుకోవడానికే. కానీ అతని రక్తం ముందే సరిపడా ఉంది. ఉన్నదాని మీద ఇంకా ఎక్కిస్తే రక్తం చిక్కబడి గుండెకు ముప్పు. 2012లో అతని ఏడు టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసు టైటిళ్లూ పోయాయి. నేను తక్కువున్నది పూడ్చుకున్నాను. పొద్దున్నే ఐదింటికి లేచి పరుగెత్తింది మాత్రం నేనే, మాత్ర కాదు. లేవడానికి బద్ధకించేవాళ్లే సీసాల గురించి ఎక్కువ మాట్లాడతారు.

హాస్టళ్లలో తిరిగే "నిద్ర రాని మాత్ర" గురించీ అడిగారు. అది మోడాఫినిల్. పగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే జబ్బుకు డాక్టర్ చీటీ మీద ఇచ్చే మందు. పోటీల సమయంలో క్రీడాకారులకు దాని మీద నిషేధం ఉంది. కాఫీలో ఉండే కెఫీన్‌ను ఆ నిషేధ జాబితా నుంచి 2004లోనే తీసేశారు. అయినా రాత్రి తొమ్మిదింటికి కాఫీ తాగితే రెండింటికి కూడా ఇంచుమించు సగం కెఫీన్ ఒంట్లోనే ఉంటుంది. నేను సాయంత్రం నాలుగు తర్వాత ముట్టలేదు.

సీబీపీకి డబ్బుల్లేవంటే బస్తీ దవాఖానకు వెళ్లండి, ఫ్రీగా చేస్తారు. రిపోర్టు డాక్టర్‌కు చూపించాకే మాత్రలు మొదలుపెట్టండి. ఒంటికి పట్టడానికి నెలలు పడుతుంది కాబట్టి నోటిఫికేషన్ పడేదాకా ఆగకండి, ఈ వారంలోనే వెళ్లండి.