ఫోటోల్లో వాసన రాదు

మార్చి వచ్చిందంటే మా ఆఫీసులో ఎవరూ ఎవరితోనూ మామూలుగా మాట్లాడరు. "ఆ బిల్లు ఏదీ?", "ఈ ఎంట్రీ ఎవరు వేశారు?" ఇవే మాటలు. ఇవాళ పొద్దుటినుంచి భోజనాల వేళ దాకా లెక్కల్లో ఒకే తేడా వెతికాను. రెండు వైపులా కూడితే కలవదు, మళ్ళీ మొదటినుంచి కూడినా కలవదు. డబ్బా మూత తీసి, పెరుగన్నం కలుపుకుని, ఎడమచేత్తో ఫోను తెరిచాను. అందులో నాకో ఫోల్డరు ఉంది. మా ఇంటి మనుషులెవరూ ఉండరు అందులో. నీళ్ళు, చెట్లు, కొండలు, పక్షులు, అంతే. టెన్షన్ ఎక్కువైన రోజు దాన్ని చూడటం అలవాటైపోయింది.

మాది సూళ్ళూరుపేట దగ్గర పల్లె. కాబట్టి ఆ ఫోల్డర్లో ఎక్కువ ఉన్నది పక్షులు వచ్చే నేలపట్టు చెరువే. కడప అనే చెట్లు నీళ్ళలోనే మొలిచి, నీళ్ళలోనే పెరిగి, కొమ్మలు గొడుగుల్లా పరుచుకుని ఉంటాయి. వాటి నెత్తిన గూడబాతులు, అంటే పెలికాన్లు. అక్టోబరులో వచ్చి గూళ్ళు కట్టి, పిల్లల్ని చేసి, ఎండలు ముదిరేసరికి వెళ్ళిపోతాయి. మేత మాత్రం ఎక్కువగా పులికాట్ సరస్సులోనే. అంతదూరం పోయి చేపలు పట్టి, మింగి తెచ్చి పిల్లలకి పెడతాయి. పిల్ల ఏకంగా తల్లి గొంతు సంచిలోకి తల దూర్చేస్తుంది. అది మొదటిసారి చూసినవాళ్ళు తల్లే పిల్లని మింగేస్తోందనుకుని కంగారుపడతారు. నా దగ్గరున్న ఫోటోలో సరిగ్గా ఆ క్షణమే పడింది. తల్లి ముక్కు, పిల్ల సగం ఒళ్ళు, వెనకాల ఆకులమీద తెల్లటి రెట్టలు.

ఆ ఫోటో చూసినప్పుడు నాలో ఏదో సర్దుకుంటుంది. కానీ నిజం చెప్పాలంటే, ఆ రోజు అక్కడ నాకు ప్రశాంతత అనేదే లేదు. అన్ని వందల పక్షులు నెలల తరబడి ఒకేచోట ఉంటే ఆ కంపు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. మావారు ముక్కుకి కర్చీఫ్ అడ్డం పెట్టుకుని గట్టు దిగి దూరంగా నిలబడ్డారు. మావాడు "అమ్మా, పోదాం" అని చున్నీ పట్టుకు లాగుతూనే ఉన్నాడు. పిల్లపక్షుల అరుపులు సరేసరి. మా తాతకి మాత్రం ఆ కంపంటే గౌరవం. రెట్టలు కలిసిన చెరువు నీళ్ళు మడికి పారితే సగం ఎరువు ఖర్చు మిగిలినట్టేనని చెప్పేవాడు.

మరి అక్కడున్నప్పుడు దొరకని ప్రశాంతత ఫోటోలోకి ఎలా వచ్చింది? ఇవాళ అన్నం తింటూ దీని గురించే ఆలోచించాను. ఫోటో మంచిచోటుని చూపిస్తుందని కాదు అనిపించింది. అది మనల్ని ఏమీ అడగదు. నీళ్ళ సీసా ఎక్కడుంది, ఆటో ఎన్నింటికి రమ్మన్నావు, వీడికి ఎండదెబ్బ తగులుతుందేమో... ఇవేవీ దాంట్లో ఉండవు. ఆ రోజు చూడాల్సినవి తీరిగ్గా ఇప్పుడు చూస్తున్నాను. ఆ పిల్ల కాళ్ళు అంత నల్లగా ఉన్నాయని అక్కడ గమనించనే లేదు.

పాపికొండల ఫోటో సంగతీ అంతే. గోదావరి రెండు కొండల మధ్య ఇరుకై, పచ్చగా, చడీచప్పుడూ లేకుండా ఉంటుంది అందులో. తీసింది మాత్రం లాంచీ పైఅంతస్తులో, పెద్ద స్పీకరు పక్కన నిలబడి! రాజమండ్రి వైపునుంచి వెళ్ళే ఆ లాంచీల్లో పాటలు ఎంత గట్టిగా పెడతారో ఎక్కినవాళ్ళకి తెలుసు. పేరంటాలపల్లిలో దిగాకగానీ నా చెవులు చెవుల్లా పనిచేయలేదు. అక్కడ కొండరెడ్ల ఆడవాళ్ళు వెదురుతో చేసిన పువ్వులు అమ్ముతున్నారు. పోలవరం పూర్తయి నీళ్ళు నిండుగా నిలిచిన రోజున ఆ ఊరు, ఆ రేవు కనిపించవు. ఈ ఒక్క ఫోటో దగ్గర మాత్రం మనసు పూర్తిగా తేలికపడదు. అయినా ఫోల్డర్లోంచి తీసేయాలనిపించలేదు.

అరకు రైల్లోంచి తీసినవి చాలా ఉన్నాయి, సగానికి సగం నలుపే. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనప రాయి విశాఖ రేవుకి చేరడానికి వేసిన లైను అది, దారి పొడవునా 58 సొరంగాలు. వలిసె పూలు కనిపించి ఫోను ఎత్తేలోపు చీకటి. ఒక్కదాంట్లోనే పసుప్పచ్చటి చేను అంచు పడింది, అదీ కిటికీ ఊచతో సహా.

పక్క సీటమ్మాయి తొంగి చూసింది. అప్పుడు నేను పులికాట్ ఫోటో మీద ఉన్నాను. శ్రీహరికోటకి పోయే రోడ్డు సరస్సు మధ్యలోంచే వెళ్తుంది కదా, అక్కడ బస్సు కిటికీలోంచి తీసింది. బూడిదరంగు నీళ్ళు, బూడిదరంగు ఆకాశం, మధ్యలో లేత గులాబీరంగు గీత. "గిదేందక్కా, ఏం కనవడ్తలేదు" అంది. అవి ఫ్లెమింగోలు తల్లీ అన్నాను. ఆ ఉప్పునీళ్ళలోని నాచు, చిన్న చిన్న పురుగులు తినడం వల్లే ఆ రంగొస్తుందని కూడా చెప్పాను. పాపం, మొహమాటానికి తలూపింది. తర్వాత తన ఫోనులో కుంటాల జలపాతం చూపించింది. వాళ్ళది ఆదిలాబాద్ వైపు. వానాకాలం కడెం వాగు రాళ్ళమీంచి కింద పడుతుంటే తీసింది. నాకు అందులో నురగ తప్ప ఏమీ కనిపించలేదు. తను మాత్రం "గీ రాయి మీదనే కూసునేటోళ్ళం" అంటూ వేలితో ఆ నురగలో ఒకచోట చూపిస్తూనే ఉంది.

ఒకరి ఫోటో ఇంకొకరికి పనిచేయదని అప్పుడనిపించింది. క్యాలెండర్లలో స్విస్ కొండలు, పూలతోటలు ఎంత శుభ్రంగా ఉంటాయి! వాటిని చూస్తే నాకు మాత్రం తేదీలే గుర్తొస్తాయి.

తేడా సాయంత్రానికి దొరికింది. ఫోటోల మహిమేం కాదు, కొత్తగా చేరిన కుర్రాడు పట్టుకున్నాడు. ఒకే బిల్లు రెండుసార్లు ఎక్కింది.

ఇంటికొచ్చాక అమ్మకి ఫోన్ చేశాను. "అన్నం తింటివా?" అయ్యాక చెరువు సంగతి అడిగాను. నీళ్ళు బాగా తగ్గాయట, గూడబాతు పిల్లలు కొన్ని ఎగరడం కూడా మొదలుపెట్టాయట. పిల్లలు పూర్తిగా ఎగిరిపోయేలోపు రమ్మంది. మార్చి క్లోజింగ్ అంటే అమ్మకి ఎప్పటికీ అర్థం కాదు. పోనీ తమ్ముణ్ణి ఒక ఫోటో అయినా తీసి పంపమన్నాను. పదింటికి వచ్చింది. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని వాడే నిలబడ్డాడు, వాడి భుజం వెనకాల ఒక రెక్క అంచు. ఆ రెక్క వరకు కత్తిరించి చూశాను, మరీ మసకగా ఉంది. రేపు నువ్వు లేకుండా తీసి పంపరా అని మెసేజ్ పెట్టాను. "పెట్రోలు డబ్బులు ఎవరిస్తారక్కా?" అన్నాడు. వంద రూపాయలు ఫోన్‌పే చేశాను.