పోర్ట్ 3 మీద పడ్డ నింద

లాగ్‌లో (బోర్డు తన పనిని ఎప్పటికప్పుడు రాసుకునే చిట్టాలో) కనిపించిందల్లా నిజమని నమ్మి, మే నెల ఎండలో ఒక మనిషిని అవసరం లేని పనికి రెండు రోజులు తిప్పాను. అదెలా జరిగిందో, తర్వాత దాన్ని ఎలా సరిచేశానో రాస్తున్నాను. పాత లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) మీద డ్రైవర్లు, అంటే హార్డ్‌వేర్‌ను నడిపే కోడ్, రాసేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు, వాళ్లకు ఉపయోగపడుతుంది.

నేను కర్నూలులో ఇంటి నుంచే పని చేస్తాను. గని, శకునాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చాక ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటును గ్రిడ్‌కు పనికొచ్చేలా మార్చే పెట్టె) అనే మాట మా వైపు అందరికీ అలవాటైపోయింది. మా కంపెనీ చేసేది చిన్న ప్లాంట్లకు గేట్‌వే బోర్డు. ఇన్వర్టర్లు చెప్పే లెక్కలను మాడ్‌బస్ (ఇలాంటి పరికరాలు మాట్లాడుకునే పద్ధతి) మీద తీసుకుని సర్వర్‌కు పంపుతుంది. నాలుగు కోర్ల ప్రాసెసర్, ఇన్వర్టర్ల కేబుళ్లు తగిలించే నాలుగు ఆర్‌ఎస్-485 పోర్టులు, కెర్నల్ 4.19. పోర్ట్ 1, 2 ఎస్‌పీఐ (చిప్‌ల మధ్య డేటా నడిపే లైన్) మీద వేలాడే ఒక చిప్‌వి. ఎస్‌పీఐ చదవాలంటే ఆగి నిద్రపోవాల్సి వస్తుంది కాబట్టి వాటిని కెర్నల్ థ్రెడ్ (కెర్నల్‌లో విడిగా నడిచే ఒక పని) చదువుతుంది. పోర్ట్ 3, 4 ప్రాసెసర్‌లోనివే, వాటిని నేరుగా ఇంటరప్ట్‌లోనే (హార్డ్‌వేర్ పిలవగానే నడుస్తున్న పనిని ఆపి దూరే కోడ్‌లోనే) చదివేస్తాం. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

బనగానపల్లె వైపు ఒక ప్లాంటు నుంచి ఫిర్యాదు వచ్చింది. రోజులో నాలుగైదు సార్లు డేటా ఆగుతోంది. నాలుగు పోర్టుల లెక్క ఒకే ప్యాకెట్‌గా వెళ్తుంది, ఒక్క పోర్ట్‌లో తేడా వచ్చినా సర్వర్ మొత్తం వదిలేస్తుంది. అందుకని తప్పు ఏ పోర్ట్‌దో సర్వర్ వైపు నుంచి తెలియదు. మిగిలింది బోర్డు మీది కెర్నల్ లాగ్. నాకంటే ముందు ఈ డ్రైవర్ రాసినాయన వచ్చిన ప్రతి ఫ్రేమ్‌నూ (ఒక్కో మాడ్‌బస్ సందేశాన్నీ) బైట్లుగా లాగ్‌లో వేసే కోడ్ పెట్టి ఉన్నారు. ప్లాంటులో ఉన్న బోర్డుల్లో కూడా అది ఆన్‌లోనే ఉంది.

లాగ్ తెప్పించుకుని చూస్తే పోర్ట్ 3 దగ్గర చెడిపోయిన ఫ్రేములు దొరికాయి. ఫ్రేమ్ ఉండాల్సిన దానికంటే పొడుగ్గా ఉంది, చివర సీఆర్‌సీ (సందేశం చెడిందో లేదో చూసే లెక్క) కలవడం లేదు. కేబుల్‌లో నాయిస్ అనుకున్నాను. మా ఫీల్డ్ టెక్నీషియన్‌కు ఫోన్ చేసి పోర్ట్ 3 కేబుల్ మార్చమన్నాను. ఎండ నలభై రెండు దాటిన రోజు. ప్యానెళ్ల వరసల మధ్య కొత్త కేబుల్ లాగి, చివర్లలో టర్మినేషన్ రెసిస్టర్లు కూడా మార్చాడు. మరుసటి రోజు మళ్లీ అదే ఫిర్యాదు, లాగ్‌లో మళ్లీ పోర్ట్ 3. "అక్కా, ఎర్తింగ్ కూడా చూసినా, అంతా బాగానే ఉంది" అన్నాడు. అయినా ఇంకోసారి చూడమన్నాను. అదే నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

ఆ రాత్రి ఒక చెడ్డ లైన్‌ను ముందు పెట్టుకుని బైట్ బైట్‌గా లెక్కపెట్టాను. మాడ్‌బస్ జవాబులో మొదట పరికరం నంబర్, తర్వాత ఫంక్షన్ కోడ్, తర్వాత డేటా ఎన్ని బైట్లో చెప్పే సంఖ్య, తర్వాత డేటా, చివర రెండు బైట్ల సీఆర్‌సీ. ఈ లైన్‌లో సంఖ్య 04 అని ఉంది. అంటే ఒకటి, ఒకటి, ఒకటి, నాలుగు, రెండు, మొత్తం 9 బైట్లు ఉండాలి. లైన్‌లో 13 ఉన్నాయి. మొదటి 9 బైట్లకే సీఆర్‌సీ వేసి చూశాను. సరిపోయింది! ఫ్రేమ్‌లో ఏ లోపమూ లేదు, వెనకాల ఎవరివో నాలుగు బైట్లు అతుక్కున్నాయి. పైకి జరిగి చూస్తే సరిగ్గా దాని ముందు లైన్‌లో పోర్ట్ 1 ఫ్రేమ్ 5 బైట్ల దగ్గర తెగిపోయి ఉంది. ఐదూ నాలుగూ తొమ్మిది. ఆ నాలుగు బైట్లు పోర్ట్ 1వి.

నాయిస్ కాదు, కేబుల్ కాదు. లాగ్ రాసేటప్పుడే రెండు లైన్లు కలిసిపోయాయి.

ఎందుకలా కలుస్తాయో కొంచెం వివరంగా చెప్పాలి. కెర్నల్‌లో ఎవరైనా, ఎక్కడి నుంచైనా ప్రింట్‌కే (printk, లాగ్‌లో రాసే ఫంక్షన్) పిలవొచ్చు. థ్రెడ్ పిలవొచ్చు, ఇంటరప్ట్ పిలవొచ్చు, నాలుగు కోర్లూ ఒకేసారి పిలవొచ్చు. అందరి మాటలూ వెళ్లేది ఒకే రింగ్ బఫర్‌లోకి. సాధారణంగా దాని సైజు 128 కేబీ, నిండితే పాతవి పోయి కొత్తవి వస్తాయి. ఒక్క పిలుపులో ఇచ్చిన లైన్ చెదరదు, దానికి లాక్ (ఒకసారికి ఒక్కరినే రాయనిచ్చే తాళం) ఉంది. చిక్కంతా లైన్‌ను ముక్కలుగా ఇచ్చినప్పుడే. మా పాత కోడ్ మొదట "పోర్ట్ 1:" అని ప్రింట్ చేసి, తర్వాత ఒక్కో బైట్‌కు ఒక్కో పీఆర్ కాంట్ (pr_cont) పిలుస్తోంది. పీఆర్ కాంట్ అంటే "ఇది ముందు లైన్‌కు కొనసాగింపు" అని చెప్పడం. రెండు పిలుపుల మధ్య లాక్ ఉండదు, ఇంటరప్ట్‌లూ ఆగవు.

4.19లో సగం లైన్‌ను దాచిపెట్టే చోటు కెర్నల్ మొత్తానికి ఒక్కటే. ఆ సగం లైన్ ఏ టాస్క్‌దో (నడుస్తున్న ఏ పనిదో) కూడా గుర్తు పెట్టుకుంటుంది. వేరే కోర్ మీది వేరే టాస్క్ మధ్యలో ఏదైనా ప్రింట్ చేస్తే, దాచినదాన్ని అక్కడికి తెంపి రాసేస్తుంది. మిగిలిన బైట్లు పేరు లేకుండా వేరే లైన్‌గా వస్తాయి. అది కూడా ఇబ్బందే, కానీ చూడగానే తెలిసిపోతుంది. మాకు జరిగింది దానికంటే ప్రమాదకరం. ఇంటరప్ట్‌కు సొంత టాస్క్ ఉండదు, అది ఏ థ్రెడ్‌ను ఆపి వచ్చిందో ఆ థ్రెడ్ పేరే దానికీ ఉంటుంది. పోర్ట్ 1 థ్రెడ్ ఐదు బైట్లు రాశాక అదే కోర్ మీద పోర్ట్ 3 ఇంటరప్ట్ వచ్చింది. ఐదు బైట్ల లైన్ తెగి బయటికి పోయింది, పోర్ట్ 3 లైన్ మొదలై తొమ్మిది బైట్లూ పడ్డాయి. ఇంటరప్ట్ కోడ్ చివర న్యూలైన్ పెట్టడం మర్చిపోయారు. మామూలుగా తర్వాత ఎవరో ఒకరు ప్రింట్ చేసి దాన్ని తోసేస్తారు కాబట్టి ఆ లోపం ఎప్పుడూ కనిపించలేదు. కానీ ఈసారి వెనక్కి వచ్చింది పోర్ట్ 1 థ్రెడ్, దాని చేతిలో ఇంకో నాలుగు పీఆర్ కాంట్ పిలుపులున్నాయి. కెర్నల్ చూసింది, ఓనర్ ఒక్కరే, కొనసాగింపే, అతికించేసింది. పోర్ట్ 3 పేరు కింద పోర్ట్ 1 బైట్లు!

లైన్ పోయి ఉంటే ఏదో పోయిందని తెలిసేది. ఇక్కడ లైన్ ఉంది, దాని మీద పేరుంది, ఆ పేరు తప్పు.

అర్ధరాత్రి దాటాక కూడా హాల్లో లైటు వెలుగుతుంటే నాయన లేచి వచ్చాడు. "ఏందిమ్మా, ఇంకా పండుకోలేదా?" అన్నాడు. ఆయన కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి కమీషన్ దుకాణంలో చాలా ఏళ్లు గుమాస్తాగా చేశాడు. కలిసిపోయిన లైన్ల సంగతి ఆయనకు అర్థమయ్యేటట్టు చెప్పాను. కొంచెంసేపు ఆలోచించి, "మా కాటా దగ్గర ఒకేసారి నలుగురు రైతులు మీద పడేవాళ్లు. రైతు పేరు, బస్తాలు, తూకం, మూడూ చీటీ మీద పడేదాకా దాన్ని చెయ్యి దాటనిచ్చేవాణ్ణి కాదు. మూడూ పడినాకే తీగకు గుచ్చేది. సగం చీటీ గుచ్చితే ఒకని తూకం ఇంకొకని లెక్కలోకి పోతుంది" అన్నాడు.

నేను చేయాల్సింది కూడా అదే. లైన్ మొత్తం నా చేతిలో తయారయ్యాకే ప్రింట్‌కేకు ఇవ్వాలి.

అది ఎక్కడ తయారు చేయాలన్నదే ఇబ్బంది. మా పెద్ద ఫ్రేముల్లో 60 రిజిస్టర్లు (రెండేసి బైట్ల విలువలు) చదువుతాం, 120 బైట్ల డేటా, మిగతావి కలిపి 125. ఒక్కో బైట్‌కు రెండు అంకెలు, ఒక ఖాళీ. అంటే 375 అక్షరాలు. కెర్నల్ స్టాక్ (ఫంక్షన్లు తాత్కాలికంగా వాడుకునే మెమరీ) చిన్నది, ఇంటరప్ట్ వచ్చేసరికి అందులో ఎంత మిగిలి ఉంటుందో చెప్పలేం. స్టాక్ మీద పెట్టడానికి మనసొప్పలేదు. ఇంటరప్ట్‌లో నిద్రపోకూడదు కాబట్టి అప్పటికప్పుడు మామూలుగా మెమరీ అడగలేను. నిద్రపోకుండా అడిగే దారి ఉంది, కానీ మెమరీ తక్కువైనప్పుడు అది దొరకదు, మనకు లాగ్ కావాల్సింది సరిగ్గా అప్పుడే. అందుకని కోర్‌కు ఒక బఫర్ చొప్పున నాలుగు పెట్టాను.

ఇంట్లో ఉన్న స్పేర్ బోర్డుకు నాలుగు యూఎస్‌బీ అడాప్టర్లు తగిలించి, ఇన్వర్టర్ల లాగా జవాబిచ్చే చిన్న స్క్రిప్ట్ రాసుకున్నాను. పోర్ట్ 1 డేటా అంతా 11 11 11, పోర్ట్ 2 డేటా అంతా 22, అలా నాలుగింటికీ. ఒకదాంట్లో ఇంకొకటి కలిస్తే కంటికే కనిపిస్తుంది. ఇలాంటి పనికి దిగే ఎవరికైనా ముందు ఇది చేయమనే చెబుతాను, నాకు ఎన్నో గంటలు కలిసొచ్చాయి. గంట తిరక్కుండానే లాగ్‌లో పోర్ట్ 1 లైన్ వచ్చింది: 11 11 11 11 33 33 33.

మళ్లీ అదే తప్పు చేశాను. కోర్‌కు ఒక బఫర్ ఉంటే, ఆ కోర్ మీద థ్రెడ్ సగం రాస్తుండగా వచ్చిన ఇంటరప్ట్ కూడా అదే బఫర్‌లో రాస్తుంది. పైగా థ్రెడ్ మధ్యలో వేరే కోర్‌కు మారిపోవచ్చు. కెర్నల్ వాళ్లు కూడా ఈ గొడవ పడినవాళ్లే. ప్రింట్‌కే కోసం 4.19లో వాళ్లు పెట్టిన తాత్కాలిక బఫర్లలో ఎన్‌ఎంఐకి (ఆపడానికి వీల్లేని ఇంటరప్ట్‌కు) వేరుగా, మిగతా సందర్భాలకు వేరుగా ఉండటానికి కారణం అదే.

చివరికి పనికొచ్చిన పద్ధతి అన్నిటికంటే తేలిక. పోర్ట్‌కు ఒక బఫర్. ఒక పోర్ట్‌ను చదివేది ఎప్పుడూ ఒక్కరే, పోర్ట్ 1ని దాని థ్రెడ్, పోర్ట్ 3ని దాని ఇంటరప్ట్. ఇద్దరు ఒకే బఫర్‌లో చెయ్యి పెట్టే అవకాశమే లేదు, కాబట్టి లాక్ కూడా అక్కర్లేదు. డ్రైవర్ మొదలైనప్పుడే మెమరీ తీసుకుని ఉంచుతుంది. 32 బైట్లకు ఒక లైన్ చొప్పున పెద్ద ఫ్రేమ్‌ను నాలుగు లైన్లు చేశాను. ప్రతి లైన్ ముందు పోర్ట్ నంబర్, ఫ్రేమ్ వరస నంబర్ వేశాను. నాలుగు లైన్ల మధ్యలో వేరేవాళ్ల లైన్ దూరినా, ఆ నంబర్లు చూసి ఏరుకోవచ్చు. రాత్రంతా నడిపించి లాగ్ చూశాను. ఒక్క లైన్‌లో కూడా వేరే పోర్ట్ అంకె లేదు.

ఆ మార్పును ప్లాంటు బోర్డు మీద వేశాక అసలు విషయం బయటపడింది. పోర్ట్ 3లో ఒక్క చెడ్డ ఫ్రేమూ లేదు. బైట్లు పోతున్నది పోర్ట్ 1లో. ఎస్‌పీఐ చిప్‌లో 64 బైట్ల ఫైఫో (వచ్చిన బైట్లు చదివేదాకా వరసలో ఆగే చోటు) ఉంది. 9600 బాడ్ (సెకనుకు అన్ని బిట్లు) దగ్గర ఒక్కో బైట్ రావడానికి దాదాపు ఒక మిల్లీసెకను, అంటే థ్రెడ్ 66 మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తే ఫైఫో పొంగిపోతుంది. థ్రెడ్‌కు అంత ఆలస్యం ఎందుకవుతోంది?

లాగ్ వల్లే. బోర్డుకు సీరియల్ కన్సోల్ (లాగ్‌ను వైరు మీద బయటికి పంపే దారి) ఉంది, 115200 బాడ్. ప్లాంటులో దానికి ఎవరూ వైరు పెట్టరు, అయినా కెర్నల్ ప్రతి అక్షరాన్నీ దానిలోకి తోస్తూనే ఉంటుంది. సెకనుకు వెళ్లేది 11,520 అక్షరాలు, కాబట్టి ఒక పెద్ద ఫ్రేమ్‌కు 33 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. 4.19లో ప్రింట్‌కే పిలిచినవాళ్లే సాధారణంగా కన్సోల్‌కు రాసే పని కూడా చేయాలి, అప్పటిదాకా పోగుపడిన వేరేవాళ్ల లైన్లతో సహా. మూడు ఫ్రేములు పోగుపడినప్పుడు ఆ పని పోర్ట్ 1 థ్రెడ్ నెత్తిన పడితే వంద మిల్లీసెకన్లు అక్కడే అయిపోతాయి. ఈలోగా ఫైఫో పొంగుతుంది. బల్ల మీద ఒక్క పోర్ట్‌తో పరీక్షించినన్నాళ్లూ ఇది బయటపడే వీలే లేదు.

బూట్ లైన్‌లో (కెర్నల్ మొదలయ్యేటప్పుడు ఇచ్చే సెట్టింగుల్లో) లాగ్‌లెవెల్ 4 పెట్టాను. దాంతో ఎర్రర్లు, అంతకంటే పెద్దవి మాత్రమే కన్సోల్‌కు వెళ్తాయి, మిగతావి రింగ్ బఫర్‌లో ఉంటాయి, కావాలంటే డీమెసేజ్ (dmesg) కమాండ్‌తో తీసుకోవచ్చు. ఫ్రేములు రాసే కోడ్‌ను మామూలుగా ఆఫ్‌లో ఉంచి, అవసరమైనప్పుడే ఆన్ చేసేలా మార్చాను. డేటా ఆగడం ఆ రోజుతో పోయింది.

తర్వాత చరిత్ర చదివాను. 2018లోనే టెట్సువో హండా అనే డెవలపర్, పిలిచేవాళ్లు తమ సొంత బఫర్‌లో లైన్ పూర్తి చేసుకునే పద్ధతి ఒకటి ప్రతిపాదించారు. ఆ దారి కుదరలేదు గానీ, ప్రతి లైన్ పక్కన రాసినవాళ్ల గుర్తు వేసే సదుపాయం 2019లో 5.1లో వచ్చింది. థ్రెడ్ అయితే దాని నంబర్, ఇంటరప్ట్ అయితే కోర్ నంబర్. 2020 డిసెంబర్‌లో వచ్చిన 5.10లో జాన్ ఆగ్నెస్ రాసిన లాక్ లేని రింగ్ బఫర్ చేరింది. అందులో ముందు చోటు పట్టుకుని, రాసి, పూర్తయిందని చెప్పాకే చదివేవాళ్లకు అది కనిపిస్తుంది. కొనసాగింపును కూడా ఆ గుర్తు చూసే అతికిస్తుంది కాబట్టి థ్రెడ్ బైట్లు ఇంటరప్ట్ లైన్‌కు అంటుకోవు. మా బోర్డును కొత్త కెర్నల్‌కు మార్చమని రాతపూర్వకంగా అడిగాను, ఆ పని మొదలైంది. మార్చినా పీఆర్ కాంట్‌తో బైట్లు రాసే కోడ్‌ను మాత్రం తిరిగి రానివ్వను.

టెక్నీషియన్‌కు నేనే ఫోన్ చేసి, కేబుల్ తప్పు కాదు, లాగ్ తప్పు, నా వల్ల రెండు రోజులు ఎండలో తిరిగావు, ఏమనుకోవద్దు అన్నాను. "పోనీలేక్కా, తెలిసింది కదా" అన్నాడు. కాసేపాగి, "మరి ఆ పాత కేబుల్ స్టోర్‌లో పెట్టినా. మంచిదే కదా, పోర్ట్ 4 దానికి జాయింట్ ఉంది, దాని బదులు ఇది లాగేదా?" అని అడిగాడు. లాగమన్నాను, కానీ పొద్దు వాలాక.