జేబులో ఒక మడతకత్తి

ఫ్రాన్స్‌లోని సవోయ్ ప్రాంతంలో 1890లో జోసెఫ్ ఒపినెల్ రూపొందించిన మడతకత్తి నేటికీ దాదాపు అదే ఆకారంలో తయారవుతోంది. బీచ్ అనే చెట్టు చెక్కతో చేసిన పిడి, పలుచని ఉక్కు అలుగు, దానిని కదలకుండా బిగించేందుకు 1955లో చేర్చిన తిప్పుడు వలయం, ఇంతకు మించి అందులో ఏమీ లేదు. నా జేబులో ఉండేది ఆ కత్తుల్లో ఎనిమిదో నంబరు సైజుది. దానితో నేను చేసే పనులు గొప్పవేమీ కావు: పార్సిల్ తాడు కోయడం, పెన్సిల్ చెక్కడం, జామకాయ ముక్కలు చేయడం. అయినా మామిడికాయ పులుపు తగిలి నీలి నలుపు ఛాయ పట్టిన ఆ కార్బన్ ఉక్కును తుడిచి, చుక్క నూనె రాసి మడిచేటప్పుడు కలిగే తృప్తి, ఎన్నడూ రంగు మారని స్టెయిన్‌లెస్ కత్తి నాకు ఇవ్వలేదు. (ఇంట్లో వారి దృష్టిలో ఇది వట్టి చాదస్తం.) విమానం ఎక్కే రోజున మాత్రం అది చేతిసంచిలో కాక, లగేజీలో అప్పగించే పెట్టెలోకి వెళ్లవలసిందే.